అయోడిన్ సీసా అలమారాలో – అనుమానం పళ్లెంలో

బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారన్న వదంతి పల్నాడు పల్లెలకు కొత్త కాదు. 2021 తర్వాత చౌక ధరల దుకాణాలకు, బడి భోజనానికి బలవర్ధక బియ్యం రావడం మొదలైన నాటినుంచి అది ఊరూరా తిరిగింది. బియ్యం కడిగే గిన్నెలో నాలుగు గింజలు నీళ్లపై తేలాయి. పక్క గింజల కంటే రంగు కాస్త తేడాగా కనిపించాయి. అంతే, "ఇవి ప్లాస్టిక్ గింజలమ్మా, పిల్లల కడుపులో ఉండలు కడతాయి" అన్నారు. ఏరి పారబోసినవారు పారబోశారు. కోళ్లకు వేసినవారు వేశారు. బడిలో అన్నం మానేసి ఇంటినుంచి క్యారియరు తెచ్చుకున్న పిల్లలు తెచ్చుకున్నారు.

ఆ తేలిన గింజలు ప్లాస్టిక్ కావు. బియ్యాన్ని పిండి పట్టి, అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి, మరలో మళ్లీ గింజ ఆకారంలో ఒత్తినవి. మామూలు బియ్యం 100 గింజలకు ఇవి ఒకటి చొప్పున కలుపుతారు. మరలో తయారైన గింజ గనుక కొన్ని నీటిపై తేలుతాయి. రక్తహీనత తగ్గించాలని కలిపిన గింజలనే, రక్తం తక్కువైన పిల్లల తల్లులు ఏరి పారబోశారు.

ఇందులో విచారించవలసినది వదంతి పుట్టడం కాదు. వదంతులు ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి. అవే ఊళ్ల బడుల్లో పిల్లలు "పిండిపదార్థంపై అయోడిన్ ద్రావణం వేసిన నీలి నలుపు రంగు వచ్చును" అని వల్లె వేస్తున్నారు. ఆ వాక్యానికీ, గిన్నెలో తేలిన గింజకూ సంబంధం ఉన్నదని వారికి చెప్పినవారు లేకపోవడమే విచారించవలసిన సంగతి.

చుక్క మందుతో తేలే తగవు

పరీక్ష ఎంత సులువో చూడండి. తేలిన గింజలు పది ఏరి, ఉడికించి, చిదిపి, పళ్లెంలో పెట్టి, నీళ్లు కలిపి పలచన చేసిన అయోడిన్ చుక్క వేస్తే చాలు. బియ్యపు పిండి అయితే నీలి నలుపుగా మారుతుంది. ప్లాస్టిక్‌కు ఆ రంగు రాదు. పక్కనే మామూలు అన్నం మెతుకులు నాలుగు, ప్లాస్టిక్ సంచి ముక్క ఒకటి పెట్టి అదే చుక్క వేస్తే, చదువురాని అవ్వకు కూడా తేడా అర్థమవుతుంది. ఖర్చు రూపాయి కాదు. పట్టే సమయం పది నిముషాలు.

ఉన్నత పాఠశాలల్లో సైన్సు అలమారాలో అయోడిన్ సీసా ఉంటుంది. తాళం చెవి ప్రధానోపాధ్యాయుని బల్ల సొరుగులో ఉంటుంది. తనిఖీ అధికారి వచ్చిన రోజున సీసాపై దుమ్ము తుడుస్తారు. ఇరవై అడుగుల దూరంలో వంటపాకలో అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఆ ఇరవై అడుగులూ సీసాను నడిపించే నాథుడు లేకనే ఊరంతా కలత పడింది.

ఈ పరీక్షకు హద్దు ఉన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. రంగు మారితే గింజ పిండిదని మాత్రమే తెలుస్తుంది. అందులో ఇనుము ఎంత ఉన్నదీ తెలియదు. దానికి పెద్ద ప్రయోగశాల కావాలి. ఏది మన చేతిలో తేలుతుంది, ఏది తేలదు అన్న వివేచన కలిగించడమే సైన్సు పాఠానికి ప్రయోజనం.

మార్కుల పాఠం

ఆహారం పాఠం పుస్తకంలో లేదని ఎవరూ అనలేరు. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమినులు, ఖనిజ లవణాలు అన్నీ ఉన్నాయి. విటమిను లోపిస్తే వచ్చే వ్యాధుల పట్టిక ఉంది. ఎ లోపిస్తే రేచీకటి, బి1 లోపిస్తే బెరిబెరి, సి లోపిస్తే స్కర్వీ. ఈ పట్టిక ప్రతి ఏటా పరీక్షలో జతపరచండి అని వస్తుంది. పిల్లలు జతపరుస్తారు. మార్కులు తెచ్చుకుంటారు. బెరిబెరి తమ తాతముత్తాతల జబ్బని మాత్రం వారికి తెలియదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఉత్తర సర్కారు కోస్తాలో బెరిబెరి విస్తారంగా ఉండేది. మరపట్టిన తెల్లని పచ్చిబియ్యం తినడం, పలుమార్లు కడగడం, గంజి వార్చి పారబోయడం ఇందుకు కారణాలు. తవుడుతో కొంత, కడుగు నీళ్లతో కొంత, గంజితో కొంత బి1 విటమిను పోయేది. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ జబ్బు అరుదు. వడ్లు ఉడికించినప్పుడు విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. నేడు హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టింది బెరిబెరి విచారణ కోసమే. అది 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది.

ఈ కథ చెప్పి, బడి వంటపాకలో గంజి వార్చేచోటికి పిల్లలను తీసుకుపోయి, ఆ గంజిలో అయోడిన్ చుక్క వేయించితే నీలిరంగు వస్తుంది. "చూశారా, బియ్యంలో సరుకు నీళ్లలోకి పోతున్నది. కంటికి కనిపించని విటమిను కూడా ఈ దారినే పోతుంది" అని ఉపాధ్యాయుడు ఒక్క మాట అంటే చాలు. ఆ పిల్ల సాయంత్రం ఇంటికి పోయి, "అమ్మా, గంజి పారబోయొద్దే, అత్తెసరు పెట్టు" అంటుంది. జతపరచండి ప్రశ్న ఏ ఇంటా ఈ మాట అనిపించలేదు.

మిరప పండే గడ్డపై కారం పొట్లం

గుంటూరు మిర్చి యార్డు పేరు తెలియని వ్యాపారి దేశంలో లేడు. దుగ్గిరాల పసుపు యార్డుకూ పేరుంది. ఈ రెండింటి నడుమ పుట్టి పెరిగిన పిల్లలు నేడు పట్నంలో కట్టిన పది రూపాయల కారం పొట్లం, పసుపు పొట్లం తింటున్నారు. కాయ అమ్మి పొట్లం కొనడం రైతు ఇంట మామూలైపోయింది.

కారంలో రంగు కలిపితే ఎంత నష్టమో ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిరప సరుకులో సుడాన్ 1 అనే రంగు బయటపడింది. అది బట్టలకు, నూనెలకు, మైనానికి వేసే రంగు. తినదగినది కాదు. పరీక్ష పత్రం లేనిదే మిరప సరుకు దిగుమతి కానివ్వబోమని యూరపు దేశాలు కట్టడి చేశాయి. విదేశీయుడు తినే కారానికి పరీక్ష పత్రం ఉంది. బడిపిల్లవాడు తినే కారానికి గాజు గ్లాసెడు నీళ్ల పరీక్ష అయినా చేసేవారు కరువయ్యారు.

గ్లాసు నీళ్లపై చిటికెడు కారం చల్లి కదపకుండా చూడాలి. కృత్రిమ రంగు కలిపి ఉంటే ఎర్రని చారలు తోకల్లా కిందికి దిగుతాయి. అడుగున చేరిన పొడిని వేళ్లతో రుద్దితే గరుకుగా తగిలినప్పుడు ఇటుక పొడి, ఇసుక అనుమానించాలి. పసుపు చెంచాడు నీళ్లలో వేస్తే అసలుది అడుగుకు చేరుతూ నీళ్లను లేతగా రంగు మారుస్తుంది. రంగు కలిపినది నీళ్లను చిక్కని పచ్చగా చేస్తుంది. మిరియాలలో బొప్పాయి గింజలు కలిపితే నీళ్లపై తేలుతాయి. పాల చుక్కను నున్నని ఏటవాలు పలకపై వదిలితే, చిక్కని పాలు తెల్లని జాడ వదులుతూ మెల్లగా జారుతాయి. నీళ్లు కలిపిన పాలు జాడ లేకుండా జారిపోతాయి. ఈ పరీక్షలను కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తానే పుస్తకంగా వేసి ప్రచారం చేసింది. వీటికి ఆమ్లాలు అక్కరలేదు. గాజు గ్లాసులు, మంచినీళ్లు, చూసే కళ్లు చాలు.

పసుపుతో మరొక పాఠం ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి పెట్టుకునే ఆడపిల్లకు చెప్పనక్కరలేదు. పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు అన్న పాఠంలో ఉన్నదీ ఇదే. అయితే సున్నంతో ఎర్రబడినంత మాత్రాన పసుపు కల్తీ అనుకోరాదు. అది అసలు పసుపు గుణమే. ఈ తేడా తెలియక మంచి సరుకు అమ్మే చిల్లర కొట్టువాణ్ణి నలుగురిలో దొంగను చేసే ప్రమాదం ఉంది. సగం తెలిసిన పరీక్ష కంటే తెలియని పరీక్షే నయం. అందుకే ఇది సెల్‌ఫోన్‌లో చూసి నేర్చేది కాక, బడిలో గురువు ఎదుట నేర్చేది కావాలి.

పసుపులో సీసం కలిసిన రంగు వేస్తే ఇంట్లో గ్లాసు పరీక్షకు దొరకక పోవచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. ఇటువంటి చోట చట్టం సాయం తీసుకోవాలి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షను ప్రకారం, కొన్న సరుకును ఎవరైనా రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే అమ్మినవారికి ఆ సంగతి చెప్పాలి. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. ఈ సెక్షను ఉన్నదని తెలిసినవారు మండలానికి పదిమంది కూడా కనిపించరు.

బడి గేటు ముందు బండి సంగతి చెప్పనక్కరలేదు. గులాబీ రంగు పీచుమిఠాయిలో రోడమిన్ బి అనే బట్టల రంగు కనిపించిందని తమిళనాడు 2024 ఫిబ్రవరిలో దాని అమ్మకాన్ని నిషేధించింది. బజ్జీల మూకుడులో నూనె నిన్నటిదో, మొన్నటిదో అడిగేవారు లేరు. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే చెడు పదార్థాలు నూటికి 25 పాళ్లు మించరాదని 2018 జులై నుంచి నిబంధన అమలులో ఉంది. ఆ బజ్జీలు చుట్టి ఇచ్చే కాగితం సంగతీ అంతే. అచ్చు సిరా ఆహారానికి అంటుతుంది గనుక వార్తాపత్రికల్లో తినుబండారాలు చుట్టరాదని 2018 నిబంధనలు చెబుతున్నాయి. పత్రిక చదవడానికే గాని పొట్లం కట్టడానికి కాదు. ఈ మాట అందులోనే అచ్చు కావడం అవసరం.

డబ్బాపై ఎర్ర ముక్కోణం

కల్తీ కారం కంటే భయంకరమైన సంగతి మరొకటి ఉంది. 2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలలో 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షలో తేలింది. బడి ఈడు పసివాళ్లు మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చుని, తెల్లవారేసరికి శవాలయ్యారు.

మోనోక్రోటోఫాస్ పేరు పత్తి, మిరప వేసిన పల్నాడు రైతుకు చిరకాలంగా పరిచయం. కూరగాయలపై దాని వాడకాన్ని 2005లోనే నిషేధించారు. పురుగుమందుల డబ్బాలు పల్లె ఇళ్లలో ఎక్కడ ఉంటాయో అందరికీ తెలిసిందే. వసారా గూట్లో కిరసనాయిలు పక్కన, ధాన్యపు పురి చాటున, ఒక్కొక్కచోట పొయ్యి గట్టు పక్కనే. ఖాళీ డబ్బా పారేయడానికి మనసొప్పదు. కడిగి, ఎండబెట్టి, నూనెకో, పెరుగుకో, పొలానికి మంచినీళ్లకో వాడతారు. కడిగితే పోయేది వాసన మాత్రమే.

ప్రతి పురుగుమందు డబ్బాపై రంగుల ముక్కోణం ఉంటుంది. ఎరుపు ఉంటే అత్యంత విషం. పసుపు దాని తరువాతది. నీలం ఒక మోస్తరు. ఆకుపచ్చ కొంచెం విషం. ఈ నాలుగు రంగులు గుర్తుపట్టడం ఐదో తరగతి పిల్లవాడికి నిముషం పని. ఆకుపచ్చ అన్నంత మాత్రాన తాగదగినది కాదని కూడా చెప్పాలి. ట్రాఫిక్ దీపాల రంగులు బొమ్మ గీసి నేర్పే బడి, ఊళ్లో ట్రాఫిక్ దీపమే లేనప్పుడు, ప్రతి ఇంటా ఉన్న ఈ ముక్కోణాన్ని నేర్పకపోవడం విడ్డూరం.

బీహారు ఘోరం జరిగాక నిబంధనలు గట్టిపడ్డాయి. పిల్లలకు వడ్డించేముందు ఒక ఉపాధ్యాయుడు సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు అన్నం రుచి చూడాలి. అనేక బడుల్లో ఇది రిజిస్టరులో సంతకంగా మిగిలింది. నూనె ఏ డబ్బాలో వచ్చింది, మూత ఎలా ఉంది, వాసన ఏమిటి అని అడిగే అలవాటు పిల్లలకూ, వండేవారికీ కలిగినప్పుడే సంతకానికి అర్థం ఉంటుంది.

చద్దన్నం నేర్పే లెక్క

వసతిగృహాలలో, గురుకులాలలో ఆహారం వికటించి విద్యార్థులు ఆసుపత్రి పాలైన వార్తలు ప్రతి విద్యా సంవత్సరం వస్తూనే ఉన్నాయి. వార్త వచ్చిన రోజు విచారణ, మర్నాడు సస్పెన్షను, వారం తిరిగేసరికి యథాప్రకారం. తెల్లవారుజామున వండిన పులిహోర మధ్యాహ్నం వడ్డిస్తే ఏమవుతుందో లెక్కకట్టి చెప్పే పాఠం మాత్రం ఎక్కడా జరగదు.

లెక్క సులువే. అనువైన వెచ్చదనంలో కొన్ని సూక్ష్మజీవులు ఇరవై నిముషాలకోసారి రెట్టింపవుతాయి. ఒకటి గంటకు 8 అవుతుంది. రెండు గంటలకు 64. ఆరు గంటలకు 2,62,144. ఆహారం 5 డిగ్రీల చల్లదనానికీ, 60 డిగ్రీల వేడికీ నడుమ ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. ఏప్రిల్ ఎండలో రేకుల కప్పు కింద ఉన్న అన్నం డేగిసా ఈ రెండింటి నడుమనే ఉంటుంది. అన్నంలో పెరిగే కొన్ని సూక్ష్మజీవులు విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఘాతాంకాలు నేర్పే లెక్కల మాస్టారుకూ, సూక్ష్మజీవులు నేర్పే సైన్సు మాస్టారుకూ ఇదొక్కటే ఉదాహరణ చాలు.

అప్పుడు ఏ పిల్లో లేచి, "మరి మా నాయనమ్మ రోజూ చద్దన్నం తింటది గదా సార్, ఆమెకేం కాలేదే" అని అడుగుతుంది. అడగాలి. ఆ ప్రశ్న కోసమే పాఠం చెప్పాలి. మజ్జిగ పోసి పులియబెట్టిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ పులుపు హానిచేసే సూక్ష్మజీవులను చాలావరకు అణచి ఉంచుతుంది. నీలి లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడుతుంది. మూత పెట్టి ఊరికే వదిలేసిన అన్నం సంగతి వేరు. నాయనమ్మ ఆచారంలో శాస్త్రం ఉన్నదని తెలిసిన పిల్ల, ఆచారమని చెప్పి బూజు పట్టిన వేరుశనగ గింజలు తినడానికి ఒప్పుకోదు.

బూజు విషయం తేలిగ్గా తీసుకోరాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ వ్యాధికి గురి కాగా, 106 మంది మరణించారు. ఆ బూజు విడిచిన విషం పేరు అఫ్లాటాక్సిన్. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని విచారించి లోకానికి చాటారు. మంచులో, నేలమీద ఆరబోసిన మిరపకాయలకూ, తడిసిన వేరుశనగకూ ఈ బూజు పడుతుంది. పట్టా పరచి ఆరబెట్టడం ఎందుకో రైతుకు చెప్పేందుకు వ్యవసాయ అధికారి ఏడాదికోసారి వస్తే వస్తాడు. బడికి పోయే కూతురు రోజూ ఇంట్లో ఉంటుంది.

గోడ అవతల నీలం మాత్రలు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి, 15–19 ఏళ్ల ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. తరగతిలో పది మంది ఆడపిల్లలుంటే ఆరుగురు. మొదటి పీరియడులోనే తల వాల్చేవారు, ఆటల పీరియడులో చెట్టు కింద కూర్చునేవారు సోమరులు కారు. వారి రక్తంలో ఇనుము లేదు.

ఇందుకోసమే వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన నీలం మాత్ర బడిలో ఇస్తారు. ఆ మాత్రలు అనేక బడుల ప్రహరీ గోడల అవతల రాలి ఉంటాయి. పిల్లలను తప్పు పట్టి లాభం లేదు. మాత్ర మింగితే విరేచనం నల్లగా అవుతుందనీ, అది ప్రమాదం కాదనీ వారికి చెప్పలేదు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుందనీ, అన్నం తిన్నాక వేసుకోవాలనీ చెప్పలేదు. నల్లటి విరేచనం చూసి బెదిరిన తల్లి "ఆ మాత్ర మళ్లీ మింగావంటే చూడు" అంది. అక్కడితో పథకం ముగిసింది.

ఈ మాత్రలోని ఫోలిక్ ఆమ్లం వెనుక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, 1945లో ఆ సంస్థ ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయగలిగింది. తోడబుట్టినవాణ్ణి సంగ్రహణి జబ్బు బలిగొనగా చూసిన మనిషి ఆయన. ఇది చెప్పి మాత్ర ఇస్తే, గోడ అవతలికి విసిరే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

మాత్రతో పాటు తిండి చెప్పాలి. తోటకూర, మునగాకు తిన్నవెంటనే టీ తాగితే ఇనుము వంటబట్టడం తగ్గుతుంది. నిమ్మరసమో, ఉసిరికాయో తోడైతే బాగా వంటబడుతుంది. బడి భోజనంలో 2023లో రాగిజావ చేర్చినప్పుడు మొహం చిట్లించిన పిల్లలు ఎందరో. బియ్యంలో నామమాత్రంగా ఉండే సున్నం ధాతువు రాగుల్లో దండిగా ఉంటుందని, ఎముక పాఠం చెప్పిన రోజునే జావ గ్లాసు చేతికిచ్చి చెబితే మొహం చిట్లించడం తగ్గేది.

బడి భోజనానికి లెక్క కూడా ఉంది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. దానితో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ప్రాథమికోన్నత తరగతులకు 150, 30, 75, 7.5 గ్రాములు. 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. ఈ అంకెలు గోడపై రాసి, వారానికోసారి పిల్లలచేత తక్కెడలో తూయించితే లెక్కల పాఠమూ అవుతుంది, పప్పు నీళ్లయ్యే జబ్బూ కుదురుతుంది.

అభ్యంతరాలు లేకపోలేదు

సిలబసు పూర్తి చేయడానికే సమయం చాలదని ఉపాధ్యాయులు అంటారు. అందులో నిజం ఉంది. మరుగుదొడ్ల ఫొటోలు, గుడ్ల లెక్కలు, హాజరు యాప్‌లు అన్నీ వారి నెత్తిన ఉన్నాయి. కానీ ఇక్కడ అడుగుతున్నది కొత్త పాఠం కాదు. ఉన్న పాఠాన్ని గదిలోంచి వంటపాకకు జరపడం మాత్రమే.

వండేవారి బాధ మరొకటి. "ఏందమ్మా, చాలీచాలని డబ్బులకు పొగలో చస్తంటే, ఇంకా మా వంట మీదే పరీక్షలా" అని వారు అడిగితే సమాధానం ఉండాలి. బిల్లులు నెలల తరబడి రాక, అప్పు తెచ్చి కూరగాయలు కొనే ఆడవారు వారు. పిల్లలను వారిపై గూఢచారులుగా దింపితే పాఠం పాడవుతుంది. వారిని పాఠంలోకి పిలవాలి. ఎసరు ఎంత, పప్పు ఎంతసేపు నానాలి, నూనె వాసన ఎలా పసిగట్టాలి అన్నది ఆమె చెబుతుంటే పిల్లలు రాసుకోవాలి. ఆరోజు ఆమె కూడా ఉపాధ్యాయురాలే.

ఆమ్లాలు పిల్లల చేతికిస్తే ప్రమాదమని మరికొందరి వాదన. నిజమే, ఇవ్వకూడదు. పసుపులో మెటానిల్ ఎల్లో రంగును పట్టే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పరీక్ష ఉపాధ్యాయుడే చేసి చూపాలి. అయోడిన్ వేసిన మెతుకు, కల్తీ పరీక్షకు వాడిన పాలు ఎవరూ నోట పెట్టకుండా అక్కడికక్కడే పారబోయించాలి. నీళ్ల గ్లాసు పరీక్షలకు ఏ భయమూ లేదు.

ఇక పెద్ద అభ్యంతరం పైకి ఎవరూ అనరు. పిల్లలకు అడగడం నేర్పితే మొదట బడి భోజనాన్నే అడుగుతారు. పప్పు పలచనేమని, గుడ్డు చిన్నదేమని, నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారని అడుగుతారు. అడగనివ్వండి. ఆసుపత్రి మంచం మీదినుంచి అడిగించుకోవడం కంటే, తరగతి గదిలో అడిగించుకోవడం అధికారులకు గౌరవం.

ఇకనైనా చేయవలసింది

జిల్లా విద్యాశాఖ తలచుకుంటే ఖజానా తెరవకుండానే ఈ పని మొదలు పెట్టవచ్చు. ఆహార పాఠానికి వారానికి ఒక పీరియడు వంటపాక దగ్గర జరపాలని ఉత్తర్వు ఇవ్వాలి. పొట్లంపై 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, శాకాహారపు ఆకుపచ్చ చుక్క చదవడం పిల్లలచేత చేయించాలి. పురుగుమందు ముక్కోణాల బొమ్మ ప్రతి బడి గోడపై రంగుల్లో వేయించాలి. ప్రయోగానికి మార్కులు కేటాయించాలి. మార్కు లేని పాఠానికి మన బడుల్లో విలువ లేదన్నది చేదు నిజం.

ఆహార భద్రతా అధికారి దసరా, సంక్రాంతి ముందు మిఠాయి దుకాణాలకే కాక, ఏడాదికోసారి మండలంలోని ఉన్నత పాఠశాలకు కూడా వచ్చి నమూనా ఎలా తీస్తారో చూపాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. వాటిని తెలుగులో ఒక్క పేజీకి కుదించి ప్రతి ఉపాధ్యాయుని చేతికి ఇవ్వవచ్చు. తల్లిదండ్రుల సమావేశం రోజున ఉపన్యాసాలు తగ్గించి, పిల్లలచేత కారం, పసుపు, పాలు, ఉప్పు పరీక్షలు చేయించి చూపవచ్చు. చీరకొంగుతో పొట్లం కట్టుకొచ్చి, "మా పసుపు కూడా చూడు నాయనా" అని ముందుకు జరిగే తల్లులను ఆరోజు ఆపడం కష్టం.

పుస్తకంలో పాఠం ఉంది. అలమారాలో సీసా ఉంది. పాకలో అన్నం ఉంది. అడిగే పిల్లలు ఉన్నారు. వీటన్నింటినీ ఒక్కచోట చేర్చడానికి కొత్త పథకం, కొత్త పేరు, శిలాఫలకం అక్కరలేదు. తాళం చెవి సొరుగులోంచి బయటికి వస్తే చాలు. అంతదాకా తేలిన ప్రతి గింజా ప్లాస్టిక్‌గానే కనిపిస్తుంది, నీలం మాత్రలు గోడ అవతలే రాలుతాయి, కడిగిన పురుగుమందు డబ్బాలో నూనె నిలవ ఉంటూనే ఉంటుంది.